ఉత్తర తెలంగాణ పెరటి తోటల్లో చలికాలపు పూలచెట్లు

గోదావరికి దక్షిణాన పాత కరీంనగర్ జిల్లా, ఉత్తరాన పాత ఆదిలాబాద్ జిల్లా. 2016 అక్టోబరులో దసరా నాటి పునర్వ్యవస్థీకరణతో ఈ రెండూ కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయాయి. కొన్ని మండలాలు పొరుగు జిల్లాల్లో కలిశాయి. పాలనలో ఎన్ని ముక్కలైనా చలి విషయంలో ఇదంతా ఒకటే సీమ. తెలంగాణలో చలి ముందుగా దిగేది, ఆలస్యంగా వదిలేది ఇక్కడే. కార్తీక మాసం నుంచి మహాశివరాత్రి వరకు ఈ సీమ ఇళ్లలో, ఇళ్ల చుట్టూ పూచే పొదలు, చెట్ల గురించిన పరిచయం ఇది. బంతి, చామంతి చలికాలపు ముంగిళ్లకు రాణులే అయినా, అవి పొదలూ చెట్లూ కావు కనుక పోల్చి చెప్పవలసిన చోటే వాటి ప్రస్తావన వస్తుంది.

చలికాలం అంటే పూలు తగ్గే కాలమని చాలామంది అనుకుంటారు. మల్లె ఉండదు, మందారం మందగిస్తుంది, కనకాంబరం ఆకు పసుపెక్కుతుంది. ఆ అభిప్రాయం అక్కడినుంచి వచ్చింది. నిజానికి ఈ మూడు నాలుగు నెలల్లో పూచేవి ఎన్నో ఉన్నాయి. అవి పూయడానికి కారణం కూడా ఈ చలికాలమే.

చలి, చీకటి, ఎండిన నేల

ఆదిలాబాద్ పట్టణం సుమారు 19.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, సముద్రమట్టానికి 260 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. సముద్రం చాలా దూరం. ఈశాన్య రుతుపవనాల తేమ ఇక్కడి దాకా పెద్దగా చేరదు. ఉత్తరాన విదర్భ మైదానాల మీదుగా వచ్చే పొడిగాలికి అడ్డూ లేదు. ఆకాశం తేటగా ఉండటంతో పగలు నేల తాగిన వేడి రాత్రికి రాత్రే పైకి వెళ్లిపోతుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగడం ఇక్కడ మామూలు విషయం. శీతగాలులు బలంగా వీచిన ఏడు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీ మండలాల్లో 5 డిగ్రీల కిందికీ పోతుంది. అయినా మధ్యాహ్నం మళ్లీ 27, 28 డిగ్రీలకు చేరుతుంది. తెల్లవారుజామున నెగడు దగ్గర కూర్చున్నవాళ్లే మధ్యాహ్నానికి నీడ వెతుక్కుంటారు.

మొక్క ఈ రుతువులో మూడు సంకేతాలను అందుకుంటుంది. మొదటిది చల్లని రాత్రి. మామిడి లాంటి చెట్టులో అది కొమ్మ చివరి మొగ్గను ఆకు వైపు పోనివ్వక పూత వైపు తిప్పుతుంది. రెండోది రాత్రి నిడివి. మార్గశిర, పుష్యాల్లో ఇక్కడ పగలు సుమారు 11 గంటలు, మిగిలినదంతా చీకటి. చామంతి, పాయిన్‌సెట్టియా లాంటివి ఆ చీకటి నిడివిని బట్టే మొగ్గ తొడుగుతాయి. మూడోది నేలలో తగ్గే తేమ. వానలు ఆగి రెండు నెలలు గడిచేసరికి ఎర్ర చెలకలు గట్టిపడతాయి, నల్ల రేగడి నెర్రెలు విచ్చుతుంది. కాగితంపూలు, మోదుగ, కొండగోగు ఆ ఎండుదనానికే స్పందిస్తాయి. ఏ మొక్క ఏ సంకేతం వింటుందో తెలిస్తే ఎప్పుడు నీళ్లు ఆపాలో, ఎప్పుడు కత్తిరించాలో, దేన్ని వీధిదీపానికి దూరంగా పెట్టాలో దానంతటదే తెలుస్తుంది. పెరటి తోటకు సంబంధించి అన్నిటికంటే పనికొచ్చే తెలివి ఇదే. ఎరువుల సంగతి దాని తర్వాతే.

దడి మీది పూలు

ఈ కాలానికి తన పేరే పెట్టుకున్న పొద డిసెంబరం. శాస్త్రీయంగా బార్లేరియా క్రిస్టాటా. ఈ ప్రజాతికి ఫ్రెంచి వృక్షవేత్త జాక్ బారెలియే పేరు పెట్టారు. కనకాంబరానిదీ దీనిదీ ఒకటే కుటుంబం. మూడు నాలుగడుగుల ఎత్తున గుబురుగా పెరుగుతుంది. అక్టోబరు చివర మొదలై సంక్రాంతి దాటేదాకా ఊదా, తెలుపు, గులాబి రంగుల్లోనూ, తెలుపు మీద ఊదా చారలతోనూ పూస్తుంది. వాసన ఉండదు. ఆ లోటు తీర్చడానికే మాలలో మరువపు రెమ్మ జోడిస్తారు. మల్లె దొరకని రోజుల్లో జడలోకి పూలు కావాలంటే పెరట్లో ముందు చేయి వెళ్లేది ఈ పొద మీదికే. సాయంత్రం మొగ్గలు తెంపి తడిబట్టలో ఉంచితే పొద్దున మాలకట్టేసరికి విచ్చుకుంటాయి.

దీన్ని పెంచడానికి ప్రత్యేకమైన శ్రద్ధ ఏమీ అక్కర్లేదు. తొలకరిలో జానెడు కొమ్మ గుచ్చితే ఆ చలికాలానికే పూస్తుంది. ఎండిన కాయ మీద నీటిచుక్క పడితే చటుక్కున పగిలి గింజలను దూరంగా విసురుతుంది. పెరట్లో వేయని చోట డిసెంబరం మొలిచిందంటే ఆ విసురే కారణం. పూత అయిపోయాక, మాఘంలో, అడుగు ఎత్తున ఉంచి నరికేయాలి. నరకని పొద రెండేళ్లలో కింద బోడి కాడలు, పైన నాలుగు ఆకులుగా మిగిలిపోతుంది.

దీని దగ్గరి చుట్టం ముళ్లగోరింట, బార్లేరియా ప్రియొనైటిస్. ఆకు మొదళ్లలో సూదుల్లాంటి ముళ్లు, లేత పసుపు పూలు. చెరువు కట్టల మీద, చేను గట్ల మీద అడగకుండానే మొలుస్తుంది. మేక ముట్టదు కనుక దడికి మేలు. పంటినొప్పికి దీని ఆకు నమలడం పల్లె వైద్యంలో ఉంది. పెంచి పూయించే మొక్కగా దీన్ని ఎవరూ చూడరు గాని, కార్తీకంలో గట్టు పొడవునా విరిసిన ముళ్లగోరింట వరుస ఏ నర్సరీ పొదకూ తీసిపోదు.

తంగేడు సంగతి వేరే చెప్పాలి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లోనే ఇది రాష్ట్ర పుష్పం అయింది. బతుకమ్మలో గునుగు పక్కన దీని చోటు అందరికీ తెలిసిందే. సద్దుల బతుకమ్మ వెళ్లిపోయాక తంగేడును ఎవరూ తలుచుకోరు. చెట్టు మాత్రం మార్గశిరం దాకా పూస్తూనే ఉంటుంది. బెరడు తోళ్లు ఊనడానికి వాడేవారు. పెరట్లో పెంచాలంటే గింజను వేడినీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, మొక్కను లేతగా ఉన్నప్పుడే చోటు చూసి నాటాలి. లోతుగా దిగే వేరు కనుక ముదిరిన మొక్కను తవ్వి తెస్తే బతకదు. ఇంటి ముందు రెండు తంగేడులు పెంచుకుంటే పండుగకు పూల కోసం గుట్టలెంట తిరగవలసిన పని సగం తగ్గుతుంది. ఊళ్ల చుట్టూ చెలకలు ప్లాట్లుగా మారుతున్న ఈ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

నల్ల రేగడి ఎక్కువున్న ఆదిలాబాద్ వైపు చేను దడుల్లో కస్తూరి తుమ్మ కనిపిస్తుంది. చలి ముదిరేకొద్దీ పసుపు బంతుల్లాంటి చిన్న పూలు, వాటికి తీపి వాసన. అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు ఇది. దక్షిణ ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంలో ఇదే పువ్వు నుంచి అత్తరు తీస్తారు. ముళ్లుంటాయి కనుక నడిచే దారికి దూరంగా పెట్టుకోవాలి.

ఇంటి చెట్లు

దేవకాంచనం, బౌహీనియా పర్పూరియా, ఈ సీమలో చిన్న పెరటికి సరిపోయే అందమైన చలికాలపు చెట్టు. పదిహేను ఇరవై అడుగులకు మించి పెంచనక్కర్లేదు. ఎద్దు గిట్టలా చీలిన ఆకు. ఆ జంట ఆకుకు తగ్గట్టే ఈ ప్రజాతికి బౌహిన్ అన్నదమ్ములిద్దరి పేరు ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆకుల మధ్యనే ఊదా గులాబి పూలు వస్తాయి. నర్సరీలలో దీనికి బదులు బౌహీనియా వేరిగేటా అంటగట్టడం తరచు జరుగుతుంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. దేవకాంచనం రేకులు సన్నగా, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. పువ్వులో ఫలవంతమైన కేసరాలు మూడే. వేరిగేటా రేకులు వెడల్పుగా ఒకదాని మీద ఒకటి పడతాయి, కేసరాలు ఐదు, పూసేది ఆకు రాలిన ఫిబ్రవరి, మార్చిలో. స్థలం ఉంటే రెండూ పెట్టుకోవచ్చు; ఒకటి ఆపాక మరొకటి అందుకుంటుంది. హాంకాంగ్ జెండా మీద కనిపించే పువ్వు ఈ రెంటి సంకరం. దానికి కాయ కాయదు, అంటు కట్టే పెంచాలి.

పారిజాతం వానల చివర మొదలై కార్తీకంలో నిండుగా పూస్తుంది. పొద్దుగూకాక విచ్చుకుని తెల్లారేసరికి నేల మీద పరుచుకుంటుంది. నేల రాలిన పువ్వును పూజకు వాడరాదనే నియమం దీనికి వర్తించదు. అందుకే కార్తీకంలో చెట్టు కింద పేడతో అలికి, లేదా పాత చీర పరిచి పూలు ఏరుకుంటారు. నారింజరంగు కాడల నుంచి రంగు వస్తుంది. పూర్వం బట్టలకు అద్దేవారు. నీళ్లు నిలిచే రేగడిలో వేరు కుళ్లుతుంది కాబట్టి అలాంటి చోట అడుగెత్తు మట్టిదిబ్బ పోసి నాటాలి.

ఆకాశమల్లె, కొందరు కాడమల్లె అంటారు, బర్మా వైపు నుంచి వచ్చిన చెట్టు. నిటారుగా అరవై డెబ్బై అడుగులు పోతుంది. పాత కచేరీల ఆవరణల్లో, బడుల్లో, సింగరేణి కాలనీల్లో బాటల వెంబడి ఇది ఎక్కువ. నవంబరు రాత్రుల్లో దీని పరిమళం వీధంతా కమ్ముతుంది. పొడవాటి కాడలున్న తెల్లని పూలను పిల్లలు దారం లేకుండానే జడలా అల్లుకుంటారు. ఇంటి పక్కన మాత్రం వద్దనే చెప్పాలి. కలప పెళుసు, గాలివానకు కొమ్మ విరుగుతుంది, వేళ్ల నుంచి పిలకలు ఆవరణంతా లేస్తాయి.

ఏడాకుల పాలకూ ఇదే మాట, మరింత గట్టిగా. నీడ కోసం రోడ్ల పక్కన, కాలనీల్లో దీన్ని విరివిగా నాటారు. అక్టోబరు, నవంబరులో గుత్తులుగా పూస్తుంది. ఆ ఘాటు వాసన కొందరికి ఇష్టం, చాలామందికి తలనొప్పి. ఉబ్బసం ఉన్నవాళ్ల ఇంటి కిటికీ దగ్గర ఈ చెట్టు ఉండకూడదు.

మామిడి పూత

చలికాలంలో పూసే చెట్లేవని అడిగితే మామిడి పేరు ఎవరూ చెప్పరు. పూతను మనం పువ్వుగా లెక్కపెట్టం, రాబోయే కాయగా లెక్కపెడతాం. కానీ జగిత్యాల నుంచి మంచిర్యాల దాకా పుష్య, మాఘ మాసాల్లో అన్నిటికంటే విస్తారంగా పూసేది ఇదే. జగిత్యాల మామిడి తోటలకూ, మామిడి అంగడికీ పేరున్న ఊరు. ఆ ఊరి ఇళ్లలోనూ బేనిషానో, హిమాయతో, పేరు తెలియని నాటు చెట్టో ఒకటి ఉండనే ఉంటుంది.

పూత రావాలంటే కొమ్మ చివరి ఆకు ముదిరి ఉండాలి. దసరా తర్వాత కొత్త చిగురు వేసిన కొమ్మ ఆ ఏడు పూయదు. అందుకే వానలు వెళ్లాక మామిడికి నీళ్లు ఆపాలి. నీళ్లు పెడితే చెట్టు చిగురు మీదికి పోతుంది. వంటింటి నీళ్లు కాలువ కట్టి మామిడి పాదులోకి వదిలే ఇళ్లలో చెట్టు ఏపుగా పెరిగి, ఆకు నల్లగా నిగనిగలాడి, పూత రాకుండా ఉండటానికి ఇదే ముఖ్య కారణం. కాయ బఠాణీ గింజంత అయ్యాక నీళ్లు మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఒక్కో పూతకొమ్మలో వందల నుంచి వేల పూలుంటాయి. వాటిలో కొన్ని మగవి, కొన్ని ద్విలింగ పుష్పాలు. కాయ అయ్యేది ద్విలింగ పుష్పమే. పూతకొమ్మ తయారవుతున్నప్పుడు చలి ఎక్కువైతే మగపూల పాలు పెరుగుతుంది, పుప్పొడి కూడా సరిగా మొలకెత్తదు. పూతను తెచ్చే చలే, మితిమీరితే కాయను పోగొడుతుందన్నమాట. ఆదిలాబాద్ పెరళ్లలో డిసెంబరులో వచ్చిన తొలి పూత తెల్లగా విరబూసి కూడా ఒక్క పిందె నిలవకుండా రాలిపోవడం, జనవరి చివరి పూత నిలబడటం ఇందువల్లే జరుగుతుంది. తొలి పూత పోయిందని దిగులుపడనక్కర్లేదు.

పరాగ సంపర్కం చేసేవాటిలో ఈగలదే పెద్ద వాటా. తేనెటీగలు ఆ తర్వాతే. పూత మీద ఈగలు ముసిరాయని మందు కొడితే పిందె పడదు. మందు కొట్టవలసిన శత్రువులు వేరే ఉన్నాయి. తేనెమంచు పురుగు రసం పీల్చి ఆకులను జిగటగా చేస్తుంది, ఆ జిగట మీద నల్లటి మసి పేరుకుంటుంది. పొగమంచు పట్టిన రోజుల్లో పూతకొమ్మ మీద బూడిద చల్లినట్టు తెల్ల తెగులు పాకుతుంది. నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు మూడు గ్రాములు కలిపి, పూలు విచ్చక ముందే చల్లితే అది అదుపులో ఉంటుంది. జగిత్యాల దగ్గరి పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది; తెగులు పోల్చుకోలేకపోతే ఒక రెమ్మ పట్టుకుని వెళ్లవచ్చు.

మునగ పూత కూడా ఈ కాలానిదే. జనవరిలో తెల్లని గుత్తులు, మార్చికి కాయ. అవిసెకు పక్షి ముక్కులాంటి పెద్ద తెల్ల పువ్వు, కొన్నింటికి ఎర్ర పువ్వు; ఆ పూలను కూర వండుకుంటారు. అయితే అవిసె 10 డిగ్రీల లోపు చలిని ఓర్వలేదు. కరీంనగర్‌లో చక్కగా పూసే చెట్టు ఉట్నూరులో ఆకు రాల్చుకుని నిలబడుతుంది. ఆదిలాబాద్ వైపు వాళ్లు దాన్ని దక్షిణపు గోడ వారన, ఎండ తగిలేచోట పెట్టుకోవాలి.

దూరం నుంచి వచ్చినవి

క్రిస్మస్ నాటికి ఎర్రబడే పాయిన్‌సెట్టియా మెక్సికో పొద. 1825 నుంచి అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ దాన్ని తన దేశానికి పంపాడు. ఎర్రగా కనిపించేవి రేకులు కావు, పువ్వు కింది ఆకులు. అసలు పూలు నడుమ ఉన్న పసుపు గింజల్లాంటివి. ఆ ఆకులు ఎర్రబడాలంటే రెండు నెలల పాటు రాత్రికి 12 గంటలకు పైగా అంతరాయం లేని చీకటి కావాలి. వీధిదీపం వెలుగు పడే ప్రహరీ వారన నాటితే ఒక పక్క కొమ్మలు ఎర్రగా, దీపం వైపు కొమ్మలు పచ్చగా మిగులుతాయి. ఉగాదికి ఒకసారి, శ్రావణంలో ఒకసారి కత్తిరించాలి. సెప్టెంబరు దాటాక కత్తెర ముట్టకూడదు. కొమ్మ విరిస్తే కారే పాలు చర్మానికీ కళ్లకూ మంట.

కాగితంపూలకు నిర్లక్ష్యమే పోషణ. వారానికోసారి, ఆకు కాస్త వాడాకనే నీళ్లు పోస్తే కొమ్మ కనపడకుండా పూస్తుంది. గులాబీకి మాత్రం శ్రద్ధ కావాలి. వానలు ఆగిన అక్టోబరులో కత్తిరిస్తే ఆరేడు వారాలకు, అంటే మార్గశిరానికి పూత అందుతుంది. కోసిన చోట బోర్డో పేస్టు రాయకపోతే కొమ్మ పైనుంచి కిందికి ఎండుతూ వస్తుంది. ఈ చలిలో గులాబీ రంగు ముదురుగా తేలుతుంది, పువ్వు ఎక్కువ రోజులు నిలుస్తుంది. కోస్తాలో ఎంత పెంచినా రాని గుణమది.

నర్సరీ లారీల్లో గోదావరి జిల్లాల కడియం నుంచి మొక్కలు ఇక్కడికి వస్తాయి. అక్కడి తేమలో పెరిగిన క్రోటన్లు, నూరువరహాలు నవంబరులో కొని తెచ్చి నాటితే మొదటి చలికే ఆకు అంచులు మాడతాయి. అలాంటివి తొలకరిలోనే కొనాలి, చలి వచ్చేసరికి వేరు దిగి ఉంటుంది.

అడవి అంచున

నాగోబా జాతర ముగిసి చలి సడలుతుండగా ఇంద్రవెల్లి, ఉట్నూరు, జన్నారం దారుల్లో ఆకు రాల్చిన చెట్లు పూతకు వస్తాయి. బూరుగ ముందు, మోదుగ తర్వాత. బూరుగ గిన్నెల్లాంటి ఎర్రపూలలో తేనె నిండుగా ఉంటుంది. గోరింకలు, మధ్య ఆసియా నుంచి చలికాలపు వలసకు వచ్చిన గులాబీ గోరింకలు, ఉడతలు పొద్దున్నే దాని మీద చేరతాయి. మోదుగ పూలు హోళీ రంగుకు ఈనాటికీ ఉడికిస్తారు. చేను గట్ల మీద పచ్చిరొట్టకు పెంచే గిరిపుష్పం కూడా ఈ రోజుల్లోనే ఆకు లేకుండా లేత గులాబి గుత్తులు వేస్తుంది.

విలియం రాక్స్‌బరో 1795 నుంచి వెలువరించిన కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాల్లో తీరాంధ్ర మొక్కలకు బొమ్మలతో సహా చోటు దక్కింది. గ్యాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాలంలో నిజాం ఇలాకా లేదు. ఈ సీమ చెట్లు పుస్తకాలకెక్కడం ఆలస్యమైంది: ఆదిలాబాద్ జిల్లా మొక్కలకు పుల్లయ్య, ప్రసన్న, ఓబులేసుల పుస్తకం 1992లో వచ్చింది. మన తోటల పుస్తకాలు ఉత్తర తెలంగాణ చెట్లను ఇంతగా మరిచిపోవడానికి ఈ ఆలస్యం కూడా ఒక కారణం అనుకోవచ్చు.

ఆ మరిచిపోయిన వాటిలో మొదట చెప్పవలసింది కొండగోగు. రాళ్ల గుట్టల మీద, కవ్వాల్ అభయారణ్యం చుట్టుపక్కల, ఫిబ్రవరిలో బోడి కొమ్మల చివర అరచేతి వెడల్పు బంగారు పసుపు పూలు పూస్తుంది. బంకను గిరిజనులు సేకరించి అమ్ముతారు. చిన్న చెట్టు, నీళ్లు అడగదు, రాతినేలలో పెరుగుతుంది, పశువుల బెడద తక్కువ. గ్రానైటు నేలల మీద ఇళ్లు లేస్తున్న కరీంనగర్ శివార్లకు దీనికంటే తగిన పూలచెట్టు లేదు. అయినా ఇంటి ముంగిట కనపడటం చాలా అరుదు, నర్సరీలలో అడిగినా సాధారణంగా దొరకదు. అడవిలో చెట్టును ముట్టకుండా, రాలిన కాయల నుంచి గింజ తెచ్చుకుని మొలిపించుకోవడమే మార్గం. గింజ చుట్టూ దూది ఉంటుంది. అది తీసి, పైపెంకును గరుకు రాతి మీద కొద్దిగా అరగదీసి నాటితే మొలక సులువు.

ఏడాది పని

వానలు లేని ఈ నాలుగు నెలల్లో దుమ్ము ఒక సమస్య. రామగుండం, గోదావరిఖని, బెల్లంపల్లి వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ చుట్టూ క్వారీల దుమ్ము, పత్తి సీజనులో ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల దగ్గర దూది నూగు ఆకుల మీద పేరుకుంటాయి. పదిహేను రోజులకోసారి పొద్దెక్కాక ఆకులు కడగాలి. సాయంత్రం కడిగితే రాత్రి చలికి తడి ఆరక తెగులు పడుతుంది. నీళ్లు పోయడమూ ఎండ వచ్చాకే. పాదుల్లో ఎండుటాకు పరిస్తే రేగడి నెర్రెలు విచ్చక వేరు తెగకుండా ఉంటుంది.

కత్తిరింపు పూతను అనుసరించాలి. డిసెంబరం, దేవకాంచనం పూత అయిన వెంటనే. పారిజాతం మాఘంలో ఆకు రాల్చినప్పుడు. ఇదే సమయంలో మల్లెకు నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే వేసవి పూత సిద్ధమవుతుంది. దేవకాంచనం కాయలు ఎండలు ముదిరాక పగులుతాయి. పగలక ముందే కోసి గింజ తీసి, మృగశిర కార్తెకు సంచుల్లో వేస్తే వారం పది రోజుల్లో మొలుస్తుంది, మూడు నాలుగేళ్లకు మొదటి పూత చూడవచ్చు.